బొమ్మకారు: ప్రీతియా, లోభమా?

మనుష్యుని స్వభావము నెఱుగుటకు అతని పెద్ద పనులకంటె చిన్న ముచ్చటలే యెక్కువగా తోడ్పడును. ధర్మమును గూర్చియు లోకక్షేమమును గూర్చియు ప్రసంగించునపుడు ప్రతివాడును సిద్ధపడియే ప్రసంగించును. తనకు ప్రియమైన యొక చిన్న వస్తువును చేత బట్టుకొన్నపుడు మాత్రము ఆ సిద్ధపాటు సడలిపోవును. అప్పుడు బయటపడు గుణమే అతని నిజమైన గుణము. అందుచేత నేడు మిక్కిలి స్వల్పముగా గనబడు విషయ మొకటి గైకొని, దానిని బట్టి స్వల్పము కాని ప్రశ్న నొకదానిని విచారింప దలచితిని.

ఆ విషయ మేమనగా, జపాను దేశమున 1960వ సంవత్సరము తరువాత పదిపదునైదేండ్లలో పుట్టిన స్పోర్ట్స్ కార్లకు అచ్చుపోసిన లోహపు బొమ్మలను సేకరించుట. ఈ బొమ్మలకు డైకాస్ట్ నమూనాలని పేరు. అఱచేతిలో ఇముడునవి కొన్ని, జానెడు పొడవు గలవి కొన్ని. వీనిని కొనువారు పిల్లలు మాత్రమే కారు. ఉద్యోగములు చేయుచు సంసారభారమును మోయుచున్న పెద్దలును అనేకులు కలరు. జపానులోనే గాక అమెరికాలోను, ఐరోపాలోను, మన దేశములోను ఇట్టివారున్నారు. నేనును కొలదిగా ఆ గుంపులోనివాడనే. కావున నా వ్రాతలో పరిహాసమున కంటె ఆత్మపరీక్షకే యెక్కువ చోటుండును.

ఈ ముచ్చటను గూర్చి లోకమున రెండభిప్రాయములు కలవు. గడ్డము నెరసినను ఆట మానడని నవ్వువారొక తెగ. దాని వెల యిప్పుడెంత పలుకునని అడుగువారు మఱియొక తెగ. మొదటివారు వస్తువును చూడనే చూడరు. రెండవవారు వస్తువును దాటి ధనమునే చూతురు. నా ప్రశ్న ఈ రెంటికిని వేఱైనది. ఒక వస్తువును ప్రేమించుటకును, దానిని తన క్రింద నుంచుకొనుటకును భేదమేమి? ప్రీతి యెచ్చట ముగిసి లోభ మెచ్చట ఆరంభమగును? బంగారమును గూర్చియో భూమిని గూర్చియో ఈ ప్రశ్న వేసినచో, బ్రదుకుతెరువను సాకు అడ్డుపడును. బొమ్మకారు లేనందున ఎవడును పస్తుండడు. కావున ఈ పరీక్షకు అదియే తగిన వస్తువు.

మొదట ఈ బొమ్మల పుట్టుకను చూతము. 1945వ సంవత్సరమున జపాను యుద్ధములో ఓడిపోయెను. పట్టణములు కాలి బూడిదయ్యెను. ఇనుము కఱవు, రేకు కఱవు, అన్నమే కఱవు. ఆ యేటి డిసెంబరు మాసమున ఓత్సు పట్టణమునందలి కొసుగే మత్సుజో అను బొమ్మల పనివాడు, అమెరికా సైనికులు తిని పారవైచిన ఆహారపు డబ్బాల రేకును సమకూర్చుకొని, సాపుచేసి, మడిచి, వారి జీపుకారునకు చిన్న ప్రతిమను చేసెను. అది క్యోటో నగరమున పది యెన్నులకు అమ్ముడుపోయెను. బండి గెలిచినవానిది, రేకు గెలిచినవాడు పారవైచినది, బొమ్మ మాత్రము ఓడినవాని బిడ్డకు. అన్నము లేని దేశమున బొమ్మ యేల యని ఆనాడు జనులు అనుకొనలేదు, కొనిరి. బిడ్డ చేతిలో ఆడుకొనుట కేదియో యొకటి ఉండవలెనను కోరిక ఆకలి పక్కననే నిలిచియుండునని దీనివలన తెలియుచున్నది.

ఇంగ్లండులో ఇట్టిదే మఱియొక కథ కలదు. జాక్ ఓడెల్ అను యంత్రకారుని కుమార్తె చదువుకొను బడిలో, అగ్గిపెట్టెలో పట్టునంతటి బొమ్మను మాత్రమే తెచ్చుకొననిచ్చెడివారట. తండ్రి ఆ కొలతకు సరిపడునట్లు చిన్న రోడ్డు రోలరును చేసి యిచ్చెను. ఆ పనినుండియే 1953లో మ్యాచ్‌బాక్స్ అను పేరుగల బొమ్మల వరుస పుట్టెను. ఇట్లు ఈ చిన్న బండ్ల వంశమునకు మూలపురుషుడు వర్తకుడు కాడు, తండ్రి. ఈ మాటను చదువరులు జ్ఞప్తియందుంచుకొందురు గాక. ముందు దీనితో పని కలదు.

జపానులో చాల కాలము వఱకు అఱచేతిలో పట్టు లోహపు కార్లలో పరదేశపు కార్ల బొమ్మలే హెచ్చుగా నుండెను. జపాను బిడ్డ తన వీధిలో దినదినము చూచు కారునకు బొమ్మ లేదు. 1970లో టోమీ అను బొమ్మల సంస్థ ఈ లోపమును తీర్చుటకు టోమికా అను పేరున ఆఱు స్వదేశపు కార్ల బొమ్మలను వెలువరించెను. ఒక్కొక్కదాని వెల 180 యెన్నులు. ఆ ఆఱింటిలో రెండు స్పోర్ట్స్ కార్లు: టయోటా 2000జీటీ యొకటి, నిస్సాన్ ఫెయిర్‌లేడీ జడ్ 432 మఱియొకటి. ఇరువదియైదేండ్లలో ఆ దేశపు బిడ్డ, పరాయివాని జీపు బొమ్మనుండి తన దేశపు కారు బొమ్మకు వచ్చెను. ఒక జాతి యాత్మగౌరవము కోలుకొన్న దూరమును కొలుచుటకు ఈ రెండు బొమ్మలు చాలును.

ఇవి తయారగు విధము కూడ తెలిసికొనదగినది. జింకు అనబడు తుత్తునాగమునకు అల్యూమినియము, మెగ్నీషియము, రాగి తగుపాళ్ళలో కలిపి, సుమారు నాలుగువందల డిగ్రీల వేడిలో కరగించి, ఉక్కు అచ్చులోనికి ఒత్తిడితో నింపుదురు. క్షణములో అది గట్టిపడును. తరువాత అంచులు సాపుచేసి, రంగు పూసి, చక్రములు తొడుగుదురు. ఒక్క అచ్చునుండి వేలకొలది బండ్లు పుట్టును. అనగా దీని స్వభావమే పంచిపెట్టబడుట. శిల్పి చెక్కిన విగ్రహము ఒకరి యింటనే యుండును. అచ్చుపోసిన బొమ్మ వేయిండ్ల నుండుటకే పుట్టినది.

ఇక ఆ బొమ్మలకు మూలమైన పెద్ద కార్ల సంగతి. టయోటా 2000జీటీ 1965లో టోక్యో ప్రదర్శనమున మొదట కనబడెను. 1967 మొదలు 1970 వఱకు తయారయ్యెను. మొత్తము తయారైనవి 351 మాత్రమే. యమహా సంస్థవారు ఈ పనిలో టయోటాకు తోడ్పడిరి. కారులోపలి కొయ్యపనిలో వాద్యములు చేయు పనివారి నేర్పు కనబడును. పియానోకు మెఱుగు పెట్టు చేతి మెఱుగే దాని ముందుపలక మీద నున్నది. దాని వెల 23,80,000 యెన్నులు. సామాన్య గృహస్థుడు ఆనాడు దానిని కలలోనైన కొనలేడు. 2013లో అట్టి కారొకటి అమెరికాలో వేలమున 11 లక్షల డాలర్లకు పైగా పలికెను.

ఇందుండి మొదటి న్యాయము తేలుచున్నది. 351 మందికి మాత్రమే దక్కిన సౌందర్యమును, అందులో పదమూడువేలవ వంతు వెలకు, కార్మికుని బిడ్డ చేతిలో పెట్టినది ఆ చిన్న బొమ్మయే. సౌందర్యము ధనవంతుని కొట్టములో బందీగా నుండనక్కఱలేదని అది చాటినది. గ్రంథమునకు అచ్చుయంత్రము చేసిన యుపకారమును వంపు తిరిగిన ఉక్కురేకునకు ఈ పోత అచ్చు చేసినది. బొమ్మను పట్టుకొన్న పెద్దవానిని చూచి నవ్వువారు ఈ సంగతిని తలపవలెను. అందఱికిని అందని దానిని అందఱికిని అందునట్లు చేయు పని యేదియు నవ్వదగినది కాదు.

రెండవ న్యాయము జ్ఞానమునకు సంబంధించినది. మాజ్దా కాస్మో స్పోర్ట్ అను కారు 1967లో వెలువడెను. దానిని చేసిన సంస్థ హిరోషిమాది. 1920లో బెండు బిరడాల వ్యాపారముగా మొదలైనది. 1945లో అణుబాంబు పడిన పిమ్మట ఆ సంస్థ భవనములలో కొంతకాలము ఆ మండలపు ప్రభుత్వ కార్యాలయములు నడచెను. అట్టి యూరిలో కెనిచి యమమొతో అను ఇంజనీరును ఆయన క్రింది నలువదియైదాఱుగురును గూడి, జర్మనీనుండి హక్కు కొని తెచ్చిన రోటరీ యంత్రమును పని చేయించుటకు పూనుకొనిరి. ఇందులో ముషలకము ముందు వెనుకలకు ఆడదు. మూడు మూలలు గల చక్రము వంటిది గదిలో తిరుగును. దాని మూలలు గది లోపలి గోడను గీచి అలలవంటి మచ్చలు చేసెను. ఆ మచ్చలకు వారు "దయ్యపు గోళ్ళ గుర్తులు" అని పేరిడిరి. ఎన్నో పదార్థములతో ఎన్నో మూలపట్టీలు చేసి చూచి, తుదకు అల్యూమినియము చొప్పించిన కర్బనపు పట్టీలతో ఆ దయ్యమును వదలించిరి. తమ్ము తామే నలువదియేడుగురు సామురాయిలమని చెప్పుకొనిరి. 1972 వఱకు అట్టి కార్లు 1,176 తయారయ్యెను.

ఇప్పుడు కాస్మో బొమ్మను చేత బట్టుకొందము. తెల్లని పొడవైన దేహము, వెనుక రెండంతస్తుల దీపములు, చక్కని వంపు. లోపల యంత్రము లేదు; ఉన్నచోట జింకు ముద్ద యున్నది. ఆ యింజనీర్ల సంవత్సరముల జాగరణము ఈ బొమ్మలో ఎచ్చట నున్నది? చూచువాని తలలో నున్న యెడల ఉన్నది. లేకున్న ఎచ్చటను లేదు. ఫెయిర్‌లేడీ పేరు వెనుక 432 అను అంకెలు కలవు. ఒక్కొక్క సిలిండరునకు 4 కవాటములు, 3 కార్బురేటర్లు, 2 క్యామ్‌షాఫ్టులు అని దాని యర్థము. ఈ సంగతి నెఱిగినవానికి ఆ మూడంకెలు మాటలాడును. ఎఱుగనివానికి అవి గీతలు. కావున బొమ్మ పూర్తియగుట కార్ఖానాలో గాదు, దానిని ప్రేమించువాని మనస్సులో. సేకరణము విద్య యగుటయు, మూట యగుటయు ఈ యొక్క విషయముపై నాధారపడియున్నది.

ఇంతవఱకు ప్రీతి పక్షమున వాదించితిని. ఇక లోభమును పట్టుకొనవలెను.

నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ అను కారు 1969లో మొదట పుట్టెను. పెట్టెవలె నలుపలకలుగా నున్నందున జనులు దానిని పెట్టె స్కైలైన్ అను అర్థమున హకోసుకా యనిరి. 1973లో దాని తరువాతిది వచ్చెను. ప్రకటనలలో కనబడిన కెన్, మేరీ అను జంట పేరు మీదుగా దానికి కెన్‌మెరీ యను ముద్దుపేరు కలిగెను. పొగను గూర్చిన క్రొత్త నిబంధనములకు దాని యంత్రము లోబడనందున 197 కార్లతోనే అది ఆగిపోయెను. ఆ సంఖ్య తక్కువయగుట ఎవరి కోరికయు కాదు. అది ఒక దుఃఖము. దానిని చేసినవారు ఇంకను చేయగోరియే యుందురు.

బొమ్మల లోకములో కొఱత అట్లు రాలేదు, తేబడినది. అమెరికాలోని మాటెల్ సంస్థ తన హాట్ వీల్స్ బండ్లలో 1995 మొదలు "నిధి వేట" యను పేరున కొన్నింటిని తక్కువ సంఖ్యలో చేసి సామాన్యమైన వాని నడుమ కలిపి పంపుచున్నది. బండి అంతటను అదే. ఒక గుర్తో రంగో భేదము. ఆ భేదమునకై పెద్దలు తెల్లవారుజామున అంగడి తలుపుల కడ నిలిచి, పెట్టెలు తెఱచినంతనే ఏరుకొని, మిగిలినవానిని పిల్లలకు వదలుదురు. ఏరుకొన్న బండిని అట్ట విప్పరు. విప్పినచో వెల పడిపోవును. ఆడుకొనుటకు పుట్టిన చక్రము ఒక్క అంగుళమైనను దొరలకయే ముసలిదగును. తండ్రి బిడ్డకు చేసిన బండితో మొదలైన వంశమున, బిడ్డ చేతికి తగలని బండియే శ్రేష్ఠమనబడు కాలము వచ్చినది!

దీనికి సమాధానముగా కొందఱిట్లు చెప్పుదురు: "నా ధనముతో నేను కొంటిని. నేను దొంగిలలేదు. నా సంతోషము నాది. తప్పేమి?" చట్టము నెదుట తప్పేమియు లేదు. కాని మనము విచారించునది చట్టమును గాదు, మనస్సును. ఆ మనస్సునకు నేనొక ప్రశ్న వేయుదును. నీ యొద్దనున్న బొమ్మవంటిదే, అంతకంటె చక్కగా, రేపు పదివేలు తయారై అందఱికిని సులభముగా దొరకినచో నీకు కలుగునది సంతోషమా, దుఃఖమా? కాస్మో కారును నిజముగా ప్రేమించువాడు, దానిని ప్రేమింప గలవారు మఱి పదివేలమంది పుట్టిరని సంతోషింపవలెను. దుఃఖించినచో, అతడు ప్రేమించినది కారును గాదు. ఇతరుల యొద్ద అది లేకపోవుటను ప్రేమించెను. లోభమునకు ఇంతకంటె సూక్ష్మమైన నిర్వచనము నాకు తోచలేదు. తనకు కలుగవలెనను కోరిక లోభము కాదు, పరులకు కలుగకుండవలెనను కోరికయే లోభము.

ఈ ప్రశ్న నాకు గ్రంథములో దొరకలేదు. నా యింటనే దొరకెను. కొన్నియేండ్ల క్రిందట టయోటా 2000జీటీ పాత బొమ్మ నొకదానిని, పాత పెట్టెతో సహా, నా స్తోమతకు మించిన వెలకు కొంటిని. ఇంటిలో అడిగినపుడు అందులో సగమే చెప్పితిని. సగము చెప్పుట అబద్ధము కాదని ఆ దినమున నన్ను నేనే సమాధానపఱచుకొంటిని. తరువాత కొంతకాలమునకు ఒక మిత్రుడు వచ్చి, అదే కారునకు క్రొత్త బొమ్మ వచ్చినదనియు, పాతదానికంటె పనితనము మిన్నయనియు, వెల చాల తక్కువయనియు ముఖము వికసింపగా చెప్పెను. నా ముఖము వికసింపలేదు. ఆ రాత్రి అన్నము దగ్గర నేను మాటలాడకుండుట చూచి నా భార్య కారణ మడిగెను. చెప్పితిని. ఆమె క్షణమాగి, "అదే కారు గదండీ! మీ దాంట్లో ఏం తగ్గిందీ?" అనెను.

నేనేమి చెప్పగలను? రంగు తగ్గలేదు. వంపు తగ్గలేదు. నేనెఱిగిన కథలో ఒక్క అక్షరము తగ్గలేదు. తగ్గినది, నాయొద్ద నుండి మిత్రునియొద్ద లేకపోవుట యొక్కటే. అది తగ్గినందులకే నాకు అన్నము సయింపలేదు. ఆ రాత్రియే దాని సరియైన వెలను కూడ చెప్పివేసితిని. ఆమె కోపగింపలేదు, "సగం చెప్పడం దేనికీ?" అని మాత్రమే అడిగెను. ఆ ప్రశ్నకును నాయొద్ద సమాధానము లేకపోయెను.

అందుచేత నా మొదటి పరీక్షకు రెండవది తోడు చేయుచున్నాను. నీవు కొన్నదాని వెలను నీ యింటివారికి ఉన్నదున్నట్లు చెప్పగలవా? చెప్పగలిగినచో అది ముచ్చట. దాచవలసి వచ్చినచో అది వ్యసనము. త్రాగువాడు సీసాను దాచును, జూదరి చీటిని దాచును. బొమ్మకారు వానికంటె మర్యాదగల వస్తువే కాని, దాచు చేయి ఒక్కటే. భార్యకు తెలియని ఖర్చు గల యింటిలో భార్య భాగస్వామిని కాదు, అతిథి. స్త్రీ విద్యను గూర్చియు సమత్వమును గూర్చియు వ్యాసములు చదివి తల యూచు మనము, ఇంటి లెక్కపుస్తకములో ఒక చిన్న పెట్టె వెలను సగము చేసి వ్రాయుట యెట్టి సంస్కారము?

నిజమైన పెద్ద కార్లు గలవారి స్థితిని ఇచ్చట పోల్చి చూడవచ్చును. 2020లో టయోటా సంస్థ 2000జీటీకి కావలసిన కొన్ని విడిభాగములను మఱల తయారుచేయ నారంభించెను. పాత కారు నడుపువానికి ఇది శుభవార్త. ఏలయన అతనికి కావలసినది కారు నడచుట. భాగములు దొరకనందున కొట్టములో పడియున్న మఱియొకని కారు కూడ బాగుపడి రోడ్డెక్కినచో అతనికి తోడు దొరకును. ఏ పనికై వస్తువు పుట్టినదో ఆ పనిని ప్రేమించువానికి సమృద్ధి శత్రువు కాదు. పనిని విడిచి సంఖ్యను ప్రేమించువానికే సమృద్ధి శత్రువగును.

"భద్రపఱచుట తప్పా? పిల్లల చేతికిచ్చిన అన్నియు విఱిగిపోవును గదా. దాచినవారు లేనిచో పాత వస్తువు లెట్లు మిగులును?" అని అడుగవచ్చును. ఇది మంచి యాక్షేపణ, త్రోసివేయరాదు. భద్రపఱచుట గొప్ప ధర్మమే. కాని ఎవరికై భద్రపఱచుట? యోకోహామా నగరమున కితహారా తెరుహిసా అను సేకరణకర్త 1986లో రేకుబొమ్మల ప్రదర్శనశాలను తెఱచెను. ఆయన దాచినది పదిమంది కన్నుల కందినది. చీకటి బీరువాలో దాచినది ఎవని కన్నుల కందును? చూపుటకై దాచుట భద్రత. దాచుటకై దాచుట పాతర.

ఇంకొక సంగతి. ఈ జింకు బొమ్మలకు ఒక రోగము కలదు. పోతపోయునపుడు లోహములో సీసము వంటి మాలిన్యము కొంచెము కలిసినచో, సంవత్సరములు గడచిన కొలది లోపలినుండియే లోహము ఉబ్బి, పగిలి, తుదకు పొడియగును. యుద్ధమునకు పూర్వపు బొమ్మలు పెక్కు ఇట్లు నశించెను. ఎవడును ముట్టకున్నను, పెట్టె విప్పకున్నను, అద్దపు బీరువాలో నున్నను అది ఆగదు. శత్రువు బయట లేడు. పోసిన నాడే లోపల చేరెను. బిడ్డ చేతినుండి కాపాడుకొంటినని గర్వించువాని సేకరణమునకు ఈ యుపమానమే చాలును. వస్తువు మీది ప్రేమలో పరుల లేమి మీది ప్రేమ యించుక కలిసిన యెడల, ఎన్ని తాళములు వేసినను ఆ సంతోషము లోపలినుండి పొడియగును.

పెద్దవారు ఈ బొమ్మలను కొనుటకు మఱియొక కారణము కూడ కలదు. దానిని గూర్చి కఠినముగా మాటలాడుటకు నాకు మనసొప్పదు. చిన్ననాడు అంగడి యద్దమునకు ముక్కు ఆనించి చూచి, కొనిపించుకొనలేక వెడలిపోయిన బాలుడు పెద్దవాడై, జీతము చేతికి రాగానే ఆ బొమ్మను కొనును. ఒకటి చాలక పది కొనును. పిల్లల వస్తువులను పెద్దల ధనముతో ఇట్లు మూటగా కొనుటకు జపానులో "పెద్దల కొనుగోలు" అను నర్థముగల ప్రత్యేక పదమే కలదు. పాపము, అతడు కొనజూచునది బొమ్మను గాదు, ఆ నాటి సాయంకాలమును. అది అమ్మకమునకు రాదు. పదియవ బొమ్మ తరువాత కూడ ఆ బాలుడు అద్దము వెలుపలనే నిలిచియుండును. అతని నూరడించుటకు ఒక్కటే యుపాయము కలదు: నేడు అట్లే ముక్కు ఆనించి చూచుచున్న మఱియొక బాలుని లోనికి పిలుచుట.

జపానులో మార్చి 3వ తేదీన ఆడుబిడ్డల శుభమునకై బొమ్మల పండుగ జరుపుదురు. మెట్లు కట్టి, ఎఱ్ఱని బట్ట పఱచి, రాజును రాణిని పరివారమును నిలుపుదురు. పండుగ కాగానే తీసి భద్రపఱతురు. తీయుట ఆలస్యమైనచో ఆ పిల్లకు పెండ్లి ఆలస్యమగునని ఒక నమ్మకము. ఆ నమ్మకము మూఢమైనదే. ఆడుబిడ్డ బ్రదుకును పెండ్లితో కొలుచుట మఱింత మూఢము. కాని తీసి మఱల పెట్టు ఆ యాచారములో ఒక వివేకము కలదు. మన బొమ్మల కొలువులోను ఆ వివేకమే యున్నది. ఏడాదికొకసారి పెట్టెలు విప్పుదురు; ఇరుగుపొరుగు పిల్లలను పేరంటాండ్రను పిలుతురు; ప్రతి బొమ్మకును అది ఎవరిచ్చినదో, ఏ యూరినుండి వచ్చినదో కథ చెప్పుదురు; మఱల మెత్తని గుడ్డలో చుట్టి దాతురు. దాచుటయు ఉన్నది, చూపుటయు ఉన్నది, చెప్పుటయు ఉన్నది. ఈ మూడును గలదే సేకరణము. మొదటిది మాత్రమే యున్నచో అది సంచయము.

కావున బొమ్మకార్లను మానుడని నేను చెప్పను, మానలేదు గూడ. కొనకముందు దాని కథను తెలిసికొనవలెను. తెలిసికొన్న తరువాత కొనవలెనను తొందర పెక్కుసార్లు తానే తగ్గును. ఇంటి యవసరములు తీరిన పిమ్మట, ఇంటివా రెఱుగ కొనవలెను. రెండున్నచో ఒకటి ఈయవలెను. పిల్లవాడు చూడ వచ్చినపుడు ముట్టవద్దను మాటకంటె ముందు ఎట్లు పట్టుకొనవలెనో చెప్పవలెను. మన తరువాత ఇవి ఎవరి చేతికి పోవలెనో బ్రదికియుండగానే నిశ్చయింపవలెను.

1970లో ఆ చిన్న 2000జీటీని 180 యెన్నులకు కొన్న తల్లి యెవరో, దానిని నేలమీద దొరలించిన బిడ్డ యెవడో మన మెఱుగము. విఱుగగొట్టియే యుండును. అయినను ఆ బండి తన పని తాను చేసెను. విఱుగక నాయొద్దకు వచ్చినది మాత్రము అర్ధశతాబ్దము ఊరకయే కూర్చుండెను. నా భార్య వేసిన ప్రశ్న తరువాత ఒక సెలవుదినమున మా మేనల్లుడు వచ్చినపుడు, ఆ పెట్టెను నేనే విప్పి, బండిని వాని చేతిలో పెట్టి, పియానో పనివారి సంగతి చెప్పితిని. వాడు సగము విని, బండిని గచ్చుమీద తోసి, బల్లక్రింద దూరెను. ఇప్పుడు దాని రంగు రెండుచోట్ల లేచిపోయినది. దాని వెల యెంత పడిపోయినదో నేను లెక్కవేయలేదు. మిత్రుని క్రొత్త బొమ్మను మొన్న వానియింటికి పోయి చూచితిని. చాల బాగుగ నున్నది.